పడౌక్ గడప

నూకయ్య చిత్రిక పడుతుంటే ఎర్రటి పొట్టు ఉంగరాలు చుట్టుకుని పాదాల మీద పడుతోంది. చెమట పట్టిన ముంజేతులు కుంకుమ రాసుకున్నట్టున్నాయి. ముప్పైరెండేళ్లుగా అండమాన్‌లోని ఈ చౌల్దారీ కలప కార్ఖానాలో అతని చేతుల రంగు ఇదే. పడౌక్ చెక్క ఎరుపు ఎంత కడిగినా వదలదు.

ఆ చెట్టు సంగతెత్తితే చాలు, మూగమొద్దు నూకయ్యకు ఎక్కడలేని నోరొస్తుంది. కొండవాలున మనిషెత్తు పలకల్లాంటి వేళ్లు తన్ని నిలబడుతుందని, నాటినవాడు నీడ చూస్తాడేగాని చెక్క చూడడని, చెదలు దాని జోలికి రావని చెబుతాడు. కోశాక మాత్రం అంగుళం మందానికి ఏడాది ఆరాల్సిందే. గురువు చెప్పిన ఆ మాట ఏనాడూ తప్పలేదు. పనితనమనండి, మొండితనమనండి.

ఎందరిళ్లకు గడపలు బిగించాడో! తుష్నాబాద్‌లో తనింటికి మాత్రం సిమెంటు గట్టే. సిమెంటుకు పసుపు నిలవదని భార్య యర్రమ్మ బెంగ. ఒక్క శుక్రవారమైనా చెక్క గడపకు పసుపు రాసి బొట్లు పెట్టాలని ఆమె కోరిక. గాలివానకు కూలిన చెట్టు కార్ఖానాకొస్తే, నాలుగేళ్ల కిందట యజమాని ఓ ముక్క ఇచ్చాడు. నాలుగంగుళాల మందం. నూకయ్య దాన్ని మంచం కింద ఇటుకల మీద ఆరబెట్టాడు. దసరా నుంచి గుండెజబ్బుతో యర్రమ్మ ఆ మంచం మీదే ఉంది. ఆమెను కదపలేక అతనూ చెక్కను తీసి చూడలేదు.

ఈ పొద్దున కూడా అడిగింది.

"ఎండిందేటి మావా?"

"ఇంకో నెలాగే. పచ్చిగా బిగిస్తే వంకరపోద్ది. థోడా రుకో."

"నీ చెక్కకున్నంత ఓపిక నాకేదీ," అని నవ్వింది. అతనూ నవ్వి బస్సెక్కాడు.

మధ్యాహ్నం పొరుగింటి కళ్యాణి ఫోన్ చేసింది. "భయ్యా, జల్దీ రా. దీదీ పలకట్లేదు."

అతను చేరేసరికి యర్రమ్మ పోయింది. చాపమీదికి దించారు. నూకయ్య ఆమె పాదాల దగ్గర కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"వంకర గడపైతే దాటలేమేటే?" అన్నాడు.

కనీసం దాని మీదుగా సాగనంపుదామని మంచం కింద నుంచి చెక్కను లాగాడు. అలవాటు కొద్దీ వేలి కణుపుతో కొట్టాడు. ఖంగుమంది. ఎప్పుడో ఎండింది.

దీదీ శుక్రవారం శుక్రవారం పసుపు కలిపిమ్మంటే మొహానికేమో అనుకున్నానని కళ్యాణి కళ్లొత్తుకుంది.

చెక్కకు, ఆమె తలవైపు కొసంతా పసుపు, పొరమీద పొర, దాని మీద వరుసగా కుంకుమ బొట్లు. మంచం మీంచి చెయ్యి అందినంత మేరే.