పగటి నిద్రకు ఒక గది

సంచిలో రెండు జతల బట్టలు, తువ్వాలు, దువ్వెన, స్టీలు గ్లాసు సర్ది జిప్పు లాగితే సగంలో ఆగిపోయింది. చెల్లెలు లోపలికి చెయ్యి పోనిచ్చి తడిమింది. చొక్కాల మడతల్లోంచి స్క్రూడ్రైవరు, కుళాయి వాషర్ల డబ్బా, నల్ల టేపు చుట్ట బయటపడ్డాయి.

ఆస్పత్రికి వెళ్ళే మనిషికి ఇవెందుకని అడిగితే, అక్కడి కుళాయిలు మాత్రం కారవా అన్నాడు అన్నయ్య. నవ్వలేదు. ఈయన హాస్యమాడుతున్నాడో నిజంగానే అంటున్నాడో పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఆమెకు తేలింది లేదు. అవన్నీ తీసి బల్లమీద పెట్టి, మొహం కడుక్కోవడానికి వెళ్ళింది. వచ్చి చూస్తే బల్లమీద అవి లేవు, సంచిలో తువ్వాలు లేదు, ఇంట్లో అన్నయ్య లేడు. గోడకి చేరేసి ఉన్న చాప కూడా లేదు.

మళ్ళీ ఎక్కాడన్నమాట. ఆమె మేడమెట్ల వైపు చూసింది. ఇంకా మొదటి మెట్టు మీద కాలు పెట్టకుండానే మోకాళ్ళు సలపడం మొదలెట్టాయి.

మధ్యాహ్నంలోపు వచ్చి చేరాలని ఆస్పత్రివాళ్ళు మరీ మరీ చెప్పారు. కడుపులో గడ్డ. ఆపరేషను రేపు. ఒక మంచం ఆపి ఉంచామనీ, రాకపోతే వరసలో ఉన్న ఇంకొకరికి ఇచ్చేస్తామనీ అన్నారు. ఆమె పొద్దుటి నుంచీ అదే మాట నోరు నొప్పెట్టేలా చెప్తూనే ఉంది. అన్నయ్య నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని విన్నాడు, తలూపాడు, చాప చంకన పెట్టుకున్నాడు.

ఇదంతా ఆ పై వాటా తెచ్చిన తంటా.

ఇల్లు ఇద్దరిదీ. అన్నయ్య నీటి సరఫరా ఆఫీసులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. వీధిలో అందరికీ ఇప్పటికీ పైపులాయనే. పెళ్ళి మాటెత్తితే లేచి వెళ్ళిపోయేవాడు, చివరికి ఎత్తేవాళ్ళే మానుకున్నారు. భర్త పోయాక చెల్లెలు తనకున్నది తెచ్చి అన్నయ్య దాచుకున్నదానికి కలిపింది. కింద రెండు వాటాలు, పైన ఒకటి లేచాయి. కింద ఒకదాంట్లో వీళ్ళు, పక్కదాంట్లో టైలరు, అతని భార్య. మనుషులు మారుతూ ఉండేది పైదాంట్లోనే.

అద్దెల విషయంలో చెల్లెలి పద్ధతి సూటిగా ఉంటుంది. వాటా ఒక్క పూట కూడా ఖాళీగా పడి ఉండకూడదు. రంగు వేసెయ్యాలి, తాళంచెవి చేతిలో పెట్టెయ్యాలి. ఏదైనా చెడితే వచ్చినవాళ్ళే చెప్తారు, అప్పటి సంగతి అప్పుడు. అన్నయ్యది ఇంకో దారి. ఖాళీ అయిన గదిలో తను ఒక రాత్రి పడుకోనిదే ఎవరినీ దిగనివ్వడు. చాపా దిండూ పట్టుకుని పైకి పోతాడు. తెల్లారి దిగి వచ్చి, కుళాయి చుక్కచుక్కగా కారుతోందనో, పడుకున్నవాడికి స్విచ్చి అందదనో, వాన జల్లు సరిగ్గా పొయ్యి మీదే పడుతుందనో చెప్పి, ఆ రోజంతా దాంతోనే కుస్తీ పడతాడు. సొంతింట్లో హోటల్లో దిగినట్టు దిగుతాడని చెల్లెలు టైలరు భార్య దగ్గర తల కొట్టుకునేది.

ఈసారి పాత కుర్రాడు ఇదిగో అదిగో అంటూ నిన్న సాయంత్రం గానీ కదల్లేదు. కొత్తమ్మాయి రేపు పొద్దున్నే సామాన్లతో వస్తానంది. చెల్లెలు సరేనంది. మధ్యలో ఒక్క రోజే పోతోందన్న సంబరంలో ఆస్పత్రి తేదీ ఆమె బుర్రలోంచి జారిపోయింది. గుర్తొచ్చాక, పోనీలే, రాత్రి పడుకున్నాడుగా, ఆ ముచ్చట తీరిందిగా అనుకుంది. తీరలేదు. ఆ అమ్మాయి బేకరీలో రాత్రంతా పిండి కలిపే పని చేస్తుంది. పడుకునేది పగలు. కాబట్టి గదిలో తనూ పగలే పడుకుని చూడాలట.

ఆమె రెయిలింగు పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కింది.

కిటికీ కింద, మంచం వేసేచోట, అన్నయ్య పక్కకి తిరిగి పడుకుని ఉన్నాడు. పొడుగాటి మనిషి. ఈ మధ్య ఒంట్లో కండంతా పోయి ఎముకలే పొడుగ్గా మిగిలాయి. పానాలు తిప్పీ తిప్పీ వేళ్ళ కణుపులు వాచి వంకర్లు పోయాయి. ఆ వంకరవేళ్ళ చెయ్యే పక్కటెముకల కింద అదిమి పెట్టుకున్నాడు. రెండో చెయ్యి నేలమీద బోర్లా ఆనించి ఉంది, జ్వరమొచ్చిన పిల్లాడి ఒళ్ళు చూస్తున్నట్టు.

"టాక్సీ పిలుస్తున్నా. లే," అంది.

"ఇలా వచ్చి నేలమీద చెయ్యి పెట్టు."

కూర్చుంటే మళ్ళీ నన్నెవరు లేపుతారని సణుగుతూనే గోడ పట్టుకుని కూర్చుంది. అరచేతికి దడదడా తగిలింది. కింద టైలరు మిషను. ఆగింది, మళ్ళీ మొదలైంది.

"పగలు ఈ గదిలో ఎవరూ ఉండేవాళ్ళు కాదు, అందుకే తెలీలేదు," అన్నాడు అన్నయ్య. "రాత్రంతా నిలబడి పనిచేసొచ్చి, ఈ మోతలో ఏం పడుకుంటుంది?"

"ఆ పిల్ల వచ్చి చెప్తే అప్పుడు చూద్దాం."

"చెప్పరే. అద్దెకున్నవాళ్ళు చెప్పరు. ఏమంటే ఏమొస్తుందో, ఖాళీ చెయ్యమంటారేమో అని ఓర్చుకుంటారు. ఓర్చుకుని ఓర్చుకుని ఒక రోజు సామాన్లు సర్దుకుంటారు. మనకి తెలిసేది అప్పుడే."

ఆమెకి ఒళ్ళు మండిపోయింది.

"నువ్వు మాత్రం చెప్పావా? ఆర్నెల్లు కడుపు పట్టుకుని తిరిగావు. నీ ఇంట్లో నువ్వుంటూ ఎందుకు చెప్పలేదు? నిన్నెవరు ఖాళీ చెయ్యమన్నారు?"

అన్నయ్య గోడ ఆసరాతో లేచి, టైలరుతో ఒక మాట చెప్పొస్తానని మెట్లు దిగాడు.

టైలరు ముందు బెట్టు చేశాడు. మిషను వసారాలోకి మార్చడానికి తనకేం అభ్యంతరం లేదుగానీ, అక్కడ వెలుతురు లేదు, కరెంటు ప్లగ్గు లేదు, పోయేవాడూ వచ్చేవాడూ పలకరిస్తుంటే చేతులు ఆడవు అన్నాడు. వసారాకి ప్లగ్గూ లైటూ తను లాగిస్తానన్నాడు అన్నయ్య. లాగించడమంటే తనే లాగడం.

టైలరు భార్య గుమ్మంలోంచి, "నన్నడిగేవాళ్ళు లేరు బాబాయిగారూ," అంది. "ఆ మోత పుణ్యమా అని ఇన్నేళ్ళూ ఈయన మాటలు చెవిన పడకుండా సుఖంగా బతికాను. ఇప్పుడు అవన్నీ వినాలి కాబోలు."

అన్నయ్య కుర్చీ ఎక్కి గోడ వెంట తీగ బిగించాడు. చెల్లెలు కుర్చీకాళ్ళు పట్టుకుని కిందనుంచి తిడుతూ నిలబడింది. ఆస్పత్రి నుంచి ఫోనొస్తే, బయల్దేరుతున్నామని చెప్పింది. మళ్ళీ వస్తే, దారిలో ఉన్నామంది, ఒక చేత్తో ఫోను, ఇంకో చేత్తో అన్నయ్య మడమ పట్టుకుని. ఆ తర్వాత ఫోను మోగలేదు. అది మోగినప్పటికన్నా ఎక్కువ భయపెట్టింది.

లైటు వెలిగింది. మిషను వసారాలోకి చేరింది. ఇక కదులుతాడనుకుంటే, ఒక్కసారి చూసొస్తానని మళ్ళీ పైకి పోయాడు.

ఆమె సంచి ఒళ్ళో పెట్టుకుని గుమ్మంలో కూర్చుంది. ఎంతకీ దిగడు. పిలిచింది. పలకడు. మనిషి పలక్కపోతే ఆమె ఆలోచన ఎప్పుడూ ఒకే చోటికి పోతుంది. భర్త కూడా పక్కగదిలో అలాగే పలకలేదు. మోకాళ్ళ మాట మరిచి మెట్లెక్కింది.

అన్నయ్య నిద్రపోతున్నాడు.

నోరు కాస్త తెరుచుకుని ఉంది. పక్కటెముకల కింద చెయ్యి లేదు. రెండు చేతులూ చాప మీద చెరోవైపు వదిలేసి, ఎండ కాళ్ళ మీద పడుతున్నా కదలకుండా, చిన్నపిల్లాడిలా పడుకున్నాడు. రాత్రుళ్ళు అతను వంటింట్లో అటూ ఇటూ తిరగడం ఆమె ఎన్ని నెలలుగా వింటోందో. నేలమీద చెయ్యి పెట్టి చూసింది. చల్లగా, నిశ్శబ్దంగా ఉంది.

లేపాలి. లేపడానికే వచ్చింది. భుజం దాకా చెయ్యి చాపింది కూడా. తర్వాత ఆ చేత్తోనే చీర చెంగు తీసి, అతని మొహం మీద వాలబోతున్న ఈగను తోలింది. అలాగే విసురుతూ కూర్చుంది. ఎండ కాళ్ళ మీంచి గోడ మీదకి పాకేదాకా కూర్చుంది.

లేచాక అన్నయ్యే కసిరాడు, లేపవేమని. "అమ్మాయికి చెప్పు, మంచం ఇక్కడే వేసుకోమను," అన్నాడు.

వాళ్ళు ఆస్పత్రికి చేరేసరికి దీపాలు పెట్టారు. మంచం వేరేవాళ్ళకి ఇచ్చేశారు. ఆ రాత్రి వరండాలో బెంచీ మీదే గడిచింది. మంచం మర్నాడు దొరికింది, ఆపరేషను ఆ పైరోజు జరిగింది. ఆ ఒక్క రోజుతో ఏమైనా తేడా వచ్చిందా అని ఆమె డాక్టర్ని అడగలేదు. అడుగుదామని రెండుసార్లు గది తలుపు దాకా వెళ్ళి, అక్కడున్న కుర్చీలో కూర్చుని వచ్చేసింది.

కొత్తమ్మాయికి తాళంచెవి టైలరు భార్య ఇచ్చింది. చెల్లెలు పైకి వెళ్ళింది చాలా రోజుల తర్వాత, అమ్మాయి పనికి బయల్దేరుతున్న వేళ చూసి. గది ఎలా ఉందమ్మా, ఇబ్బందేమైనా ఉంటే దాచుకోకుండా చెప్పు అంది. అమ్మాయి జడ వేసుకుంటూ ఆలోచించింది. ఏమీ లేదు అత్తయ్యగారూ, పడుకుంటే ఒళ్ళు తెలియడం లేదు అంది.

అన్నయ్య బుధవారం చీకటిపడే వేళ వెళ్ళాడు. ఆదివారం మధ్యాహ్నం ఆస్పత్రిలో పోయాడు, ఇంటికి తిరిగి రాలేదు. పైగది తలుపు వెనక, పిడి వచ్చి గోడకి కొట్టుకునే చోట, అన్నయ్య పాత చెప్పు మడమలోంచి కోసిన నీలం రబ్బరు ముక్క ఒకటి రెండు చిన్న మేకులతో బిగించి ఉంది.