ఆకు బొమ్మ సీసా

ఆదివారం పూట బాత్‌రూము కడగడం ఇంటిపనా, ఆఫీసు పనా అనడిగితే ఆమె ఏం చెబుతుంది! రెండూనూ. ఓ ప్రభుత్వ శాఖలో కొనుగోళ్ల విభాగం గుమాస్తా ఆమె. ఫినాయిలో, సబ్బో కొనేముందు కమిటీ వాడి చూడాలని రూలు. కమిటీలో నలుగురూ మగమహారాజులే. వాడి చూసేది మాత్రం ఆమె, అదీ సొంతింట్లో. "మీరు ఇంట్లో ఎలాగూ కడుగుతారు కదమ్మా, కాస్త చూసి చెప్పండి" అంటారు కమిటీ పెద్దసారు. సోమవారం ఆమె బాగుందనగానే నలుగురూ 'పరీక్షించితిమి' అన్నచోట సంతకాలు గిలికేస్తారు. పదకొండేళ్లుగా ఇదే తంతు.

ఈసారి సీసా మీద పచ్చటి ఆకు బొమ్మ. పర్యావరణానికి హాని చెయ్యని సరుకే కొనాలని కొత్త ఉత్తర్వులొచ్చాయి మరి. ఆ ఆకును నమ్మి ఒట్టి చేతులతో కడిగింది. ఐదు నిమిషాలకే వేళ్లు భగ్గుమన్నాయి. ఆకూ లేదు, పాడూ లేదు, లోపలున్నది పాత యాసిడే!

"ఆఫీసు చాకిరీ ఇంటిదాకా మోసుకురావాలా? వంటెప్పుడు చేస్తావ్?" అన్నారు అత్తగారు. మొగుడు పేపర్లోంచి తలెత్తలేదు. "బాగుందని చెప్పి పారెయ్. నీ సొమ్మేం పోయింది?"

వేళ్లకు నూనె రాసుకుంటూ ఆలోచనలో పడిందామె. ఆఫీసులో కడిగే ముగ్గురాడవాళ్లూ ఏడాది పొడుగునా ఇందులో చేతులు ముంచాలి. ఆ నీళ్లన్నీ వెనకున్న చెరువులోకే పోతాయి. తను బాగుందన్న ప్రతిసారీ వాళ్లకెలా ఉందో ఒక్కనాడైనా అడిగిన పాపాన పోలేదు. సిగ్గేసింది. ఇంట్లో తను కడిగితే అది పనే కాదు, అదే కడుగుడు ఆఫీసుకెళ్లేసరికి నలుగురు మగాళ్ల పరీక్ష అయిపోతుంది! ఒళ్లు మండిపోయింది.

సోమవారం సంతకాల వేళకి నాలుగు సీసాలు, నాలుగు బ్రష్షులు బల్లమీద పెట్టింది.

"ఈసారి మీరే కడిగి చూడండి సార్. బాత్‌రూములు ఖాళీ చేయించాను."

పెద్దసారు పకపకా నవ్వారు. "భలేవారమ్మా! అవి కడగడం మాకేం తెలుసు?"

"తెలీకుండా ఇన్నేళ్లూ ఏం పరీక్షించారు సార్?"

నలుగురిలో ఒక్కరూ బ్రష్షు ముట్టలేదు. ఆమె ఫైలు తనవైపు లాక్కుంది. ఆ కాగితంలో గుమాస్తాకి చోటు లేదు. నలుగురి పేర్లకూ పైన, ఖాళీగా ఉన్న అంచులో, గుండ్రంగా రాసింది: 'పరీక్షించింది నేను. కొనవద్దు.' కింద సంతకం పెట్టింది.