బిడ్డ దూప

ఆదివారం పొద్దున సారంగపాణి సారు స్టూడియోకు బయల్దేరితే ఆయన సంచిలో కళ్ళజోడు, పాత నోటుబుక్కు, ఒక తువ్వాల తప్పకుండా ఉంటాయి. తువ్వాల ఆయనకు కాదు, పాడే పిల్ల కావ్యకు. హన్మకొండలోని ఆ రెండు గదుల స్టూడియోలో ఆయన వారానికో జానపదం తీసుకుని, అది ఎవరు కట్టారో, ఏ మాటకు ఏ అర్థమో కెమెరా ముందు చెబుతాడు. ముందుగా కావ్య ఆ పాట పాడుతుంది. పాటను ఉన్నదున్నట్టు పాడితే అందులో ఉన్నది పాడినవాళ్ళకు కాస్త అంటుకుంటుంది కదా! ఇసుర్రాయి పాట పాడిన రోజు కావ్య చేతులు జొన్నపిండితో తెల్లబడ్డాయి. పెళ్ళిపాట పాడితే మెడంతా పసుపయింది. నాట్ల పాట పాడినప్పుడు మడమల దాకా బురద. "టైల్స్ ఖరాబైతున్నయి సార్, నాట్ల పాటలు జర తగ్గించుండ్రి" అని స్టూడియో నడిపే భానుచందర్ గొణిగాడు. అంతకు మించి ఎవరూ ఏమీ అనుకోలేదు.

ఆ ఆదివారం వంతు 'బావ పిలిచిండే' పాటది. ఆ ఏడు పెళ్ళి బరాతుల్లో, ఆటోల్లో, గణపతి ఊరేగింపుల్లో అది మోగని రోజు లేదు. దాన్ని నలభై ఏళ్ళ కిందట ధర్మసాగర్ పొలాల గట్ల మీద తిరిగి రాసుకుని, పుస్తకంలో అచ్చు వేయించింది సారంగపాణే. అప్పుడాయన కొత్తగా ఉద్యోగంలో చేరిన తెలుగు పంతులు. ఆ పుస్తకంలోంచి ఎవరో పాటను తీసి డీజే కట్టారు. ఊరంతా ఎగురుతున్న పాట తన చేతి మీదుగా వచ్చిందని ఆయనకు లోలోపల గర్వమే.

కావ్య గొంతు సవరించుకుని పాడింది.

బావ పిలిచిండే చెల్లె, బావ పిలిచిండే
బిడ్డా, దూప తీర్చబోతే బావ పిలిచిండే

దూప అంటే దాహం. బిందె పట్టుకుని నీళ్ళకు పోతున్న పడుచును దారిలో బావ పిలిచాడు, ఇది సరసమైన పాట అని చెప్పడానికి ఆయన సిద్ధంగా ఉన్నాడు. కావ్య తన చేతులు చూసుకుంది, కాళ్ళు చూసుకుంది.

"ఏం అంటలేదు సార్."

"డీజే పాట గదా, అండ్ల ఏముంటది అంటడానికి" అన్నాడు భానుచందర్.

సారంగపాణికి పౌరుషం వచ్చింది. తాను తెచ్చిన పాటల్లో ఒక్కటీ ఇట్లా వట్టిగా పోలేదు. నోటుబుక్కు తీసి ఆ పేజీ వెతికాడు. అచ్చుకిచ్చిన పాట పైన సిరాతో ఉంది. దాని కింద, పొలంలో వింటూ విన్నట్టే పెన్సిల్‌తో గీకిన వరుస మాసిపోయి ఉంది.

బాయి పిలిచిందే చెల్లె, బాయి పిలిచిందే
బిడ్డ దూప తీర్చబోతే బాయి పిలిచిందే

పక్కనే అంచులో ఆయన చేతిరాతే: "బాయి పిలవదు. బావ అయి ఉండాలి. బావకు 'పిలిచింది' తప్పు, 'పిలిచిండు' అని దిద్దాలి. 'బిడ్డ'కు దీర్ఘం అవసరం."

ఆయన చెవి తప్పు వినలేదు. చదువు దిద్దింది. బాయి, అంటే బావి, మనిషిని పిలవడమేమిటని ఇరవై ఆరేళ్ళ పంతులు పిల్లల కాపీ దిద్దినట్టే ఒక ఆడమనిషి పాటను దిద్దేశాడు.

"అమ్మా కావ్యా, ఇట్ల పాడు" అని పెన్సిల్ వరుస చూపించాడు.

ఆమె రెండు వరుసలు పాడేసరికి ఆమె చుడీదారు మోకాళ్ళ దాకా తడిసింది. గదిలో పాచి వాసన వచ్చింది. సారంగపాణి ఆమెకు తువ్వాల ఇచ్చాడు. అంతమంది ఎగిరిన ఆ పాట ఎవరో మునిగిపోయిన పాటని ఆయనకు అప్పుడు తెలిసింది.

భానుచందర్ కెమెరా ఆపేశాడు. "సార్, బావ అంటెనే జనం ఎగురుతాండ్రు. బాయి అంటె ఎవడెగురుతడు? ఇడిశిపెట్టుండ్రి."

"ఎగిరింది చాలు" అన్నాడు సారంగపాణి.

మర్నాడు పెత్రమాస. చనిపోయినవాళ్ళ పేరు మీద పొద్దున అయ్యగారికి బియ్యమిచ్చి, సాయంత్రం ఆడవాళ్ళు మొదటి బతుకమ్మ ఆడే రోజు. సారంగపాణి మొదటి బస్సుకే ధర్మసాగర్ వెళ్ళాడు. ఆ పాట తనకు పాడిన మొగిలమ్మ ఇంటి ముందు అరుగు మీద కూర్చుని తంగేడు కొమ్మల నుంచి పూలు తెంపుతోంది. డెబ్బై దాటినా మనిషిని చూడగానే గుర్తుపట్టింది.

"పుస్తకం సారువు గదా" అంది. ఆ పిలుపులో గౌరవం లేదు, కోపం కూడా లేదు.

ఆయన నోటుబుక్కు తెరిచి, తాను దిద్దిన సంగతి దాచకుండా చెప్పాడు. మొగిలమ్మ పూలు పక్కన పెట్టింది.

"మా అక్క పేరు కట్టమ్మ. కరువు ఏడాది బిడ్డకు జరమొచ్చి, దూప దూప అని ఏడుస్తాంది. నీళ్ళు ముంచుకొస్త, బిడ్డెను పట్టుకోయే చెల్లె అని నా సంకలిచ్చి బాయిలకు దిగింది. నాకప్పుడు పదేండ్లు. నేను సూస్తుండంగనే ఒడ్డు కూలింది. ఊరోళ్ళను పిలుసుకొస్తే మన్ను తప్ప ఏం కనవడలె. గదే వారం మా మేనబావ చెప్పకుండ బతుకుదెరువుకు భీవండి పోయిండు. ఇగ సూడు, కట్టమ్మ బావతోని పోయిందన్నరు. పోరి మాట ఎవలింటరు? మాట ఇననోళ్ళు పాటన్న ఇంటరని కట్టిన. నాటు మళ్ళల్ల పాడిన. ఆడ అందరి కొంగులు తడిసేయే, నా తడి ఎవలు సూశిండ్రు?"

"ఆ బిడ్డ..."

"పూలమ్మ. నేనే సాదిన. నీ పుస్తకం వచ్చేదాంక నా మాటే నమ్మింది. మా ఊరి బడి సారు అండ్ల బావ అని సదివినంక, పరాయోనికి చెప్పిన నిజం నాకు దాస్తివా చిన్నమ్మా అని మాట బంజేసింది. గప్పటిసంది నేను పాట పాడలె. నాకెందుకు చెప్తున్నవు సారూ? మూడో ఇల్లు. ఆమెకు చెప్పు."

దిద్దుళ్ళు చేసి బతికినవాడికి తన తప్పు ఒప్పుకోవడం ఎంత బరువో ఆ మూడిళ్ళ దూరంలో సారంగపాణికి తెలిసింది. పూలమ్మ వాకిట్లో చాటలో బియ్యం, కూరగాయలు సర్దుతోంది. అరవై దగ్గర పడ్డ మనిషి. ఉన్నది ఒకే చాట, అది తండ్రి పేరు మీద. ఎక్కడో బతికే ఉందేమోనని, బతికున్నా తనను వదిలిపోయిందని, తల్లి పేరున ఆమె ఎన్నడూ పిడికెడు బియ్యం తీయలేదు.

సారంగపాణి చేతులు జోడించి అంతా చెప్పాడు. ఆమె తలెత్తలేదు.

"పుస్తకంల అచ్చయింది ఒకటి, ఇయ్యాల నోటితోని చెప్పేది ఒకటి. ఏది నమ్మాలె సార్? ఆ పాట డీజేల మోగినప్పుడల్లా పోరగాండ్లు నా దిక్కే సూసి ఎగిరిండ్రు."

ఆయన నోటుబుక్కులో పెన్సిల్ వరుస తెరిచి పాట ఎత్తుకున్నాడు. మొదటి వరుసకే ఆయన ధోవతి అంచు తడిసింది, రెండో వరుసకు నీళ్ళు వాకిట్లోకి కారాయి. పూలమ్మ ఆ తడినే చూస్తూ ఉండిపోయింది. మూడిళ్ళ అవతల నుంచి మొగిలమ్మ గొంతు అందుకుంది. నలభై ఏళ్ళు మూసుకుపోయిన గొంతు, పాడుతూనే నడిచి వచ్చింది. ఆమె వచ్చిన దారి పొడుగునా తడి అడుగులు పడ్డాయి.

పూలమ్మ పెదవులు కదిలాయి. "బిడ్డ దూప తీర్చబోతే..."

ఆమె చీర తడవలేదు. ఒళ్ళో పెట్టుకున్న దోసిలి నిండింది. చల్లటి నీళ్ళు, అడుగున ఎర్రమన్ను నలుసులు. ఆమె వంగి, ఒక్క చుక్క కింద పడకుండా తాగింది.

"ఉప్పగున్నయి" అంది.

"మన బాయి నీళ్ళు ఉప్పగనే ఉంటుండె బిడ్డా" అంది మొగిలమ్మ. పూలమ్మ ఆమె తడి కొంగును మొహానికి అద్దుకుని ఏడ్చింది.

ఎండ ఎక్కాక సారంగపాణి ఇద్దరి వెనకాల అయ్యగారి దాకా నడిచాడు. పూలమ్మ చేతిలో ఒక చాట, మొగిలమ్మ చేతిలో ఒక చాట. తండ్రి పేరున బియ్యం ఇచ్చాక అయ్యగారు తర్వాతివాళ్ళను పిలవబోయాడు.

"ఆగుండ్రి అయ్యగారూ, ఇంకో పేరున్నది" అంది పూలమ్మ. "మా అవ్వ, కట్టమ్మ. నాకు నీళ్ళు తేవటానికి పోయింది."