కొంచెం కిందికి

పెద్దులు రెండో స్క్రూ కూడా బిగించి, తుపాకీ గొట్టానికీ దాని మీది స్కోప్‌కూ మధ్య ఓ కాగితం ముక్క దూర్చాడు. కాగితం ఎక్కడా పట్టకుండా అవతలికి వచ్చింది. నమ్మకం కుదరక మళ్లీ దూర్చాడు. ఏ పనైనా ఒక్కసారే చేస్తే ఆ మనిషికి చేసినట్టే ఉండదు.

ఒమాన్‌లో, రూవి బజారులో, ఊళ్లకు డబ్బు పంపే ఎక్స్‌చేంజి ఆఫీసు వెనక సందులో ఉంది ఆ దుకాణం. వేట తుపాకులకు స్కోపులు బిగిస్తారు, నూనెలూ పట్టీలూ అమ్ముతారు. వేటకు అనుమతి దొరకడం ఇక్కడ గగనమే. కాబట్టి ఆ తుపాకుల్లో చాలామటుకు పండగనాడు కొండ కింద గురి కొట్టడానికే బయటికొస్తాయి. పెద్దులుకు యాభై నాలుగేళ్లు. పొట్టి మనిషి, భుజాలు ముందుకు వంగాయి, స్క్రూడ్రైవర్ ఒరుసుకుని కుడి బొటనవేలు గోరు నల్లబడి మొద్దుబారింది. ఇరవై ఆరేళ్లుగా ఇదే బల్ల ముందు కూర్చున్నాడు. ఒక్క తూటా కూడా పేల్చి ఎరగడు. "పెద్దులన్నా, ఇయ్యాల పులి దొరికిందా?" అని రూమ్‌లో వాళ్లు ఆట పట్టిస్తారు. కందకు లేని దురద కత్తిపీటకెందుకని తను నవ్వి ఊరుకుంటాడు. మెట్‌పల్లి దగ్గర ఊళ్లో ఉన్న భార్య యాదవ్వ మాత్రం, మా ఆయన కళ్లద్దాల దుకాణంలో పనిచేస్తాడనే అందరికీ చెబుతుంది. ఎన్నిసార్లు చెప్పినా ఆమెకు బుర్రకెక్కలేదు. చెప్పడం ఆయనే మానేశాడు.

ఇందులో ఏముంది అంటారు చూసినవాళ్లు. స్కోప్‌ను పట్టి ఉంచే రింగులు మూడు ఎత్తుల్లో వస్తాయి. ఎక్కువ ఎత్తుదైతే బుగ్గ తుపాకీ కట్టె మీద ఆనదు, మెడ లాగుతుంది. తక్కువదైతే అద్దం గొట్టానికి తగులుతుంది. ఏ తుపాకీకి ఏది సరిపోతుందో పుస్తకంలో ఉంటుంది, ఏ మొహానికి ఏదో మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు. ఇసుక గాలికి మొహానికి గుడ్డ చుట్టుకుని కాల్చేవాడికి ఆ గుడ్డ మందాన బుగ్గ పైకి లేస్తుంది, వాడికి ఎత్తు ఎక్కువున్న పై రింగు కావాలి. అందుకే గిరాకీ రాగానే పెద్దులు ముందు, "గుడ్డ చుట్టుకుంటవా సాబ్, ఉత్త మొకమేనా?" అని అడుగుతాడు. ఆ ప్రశ్న నేర్పింది దుకాణం యజమాని ఎహసాన్.

ఎహసాన్ బలూచీ ఒమానీ, డెబ్బై దాటిన మనిషి. పెద్దులు ఆయన్ని బాబా అంటాడు. ఇద్దరి మధ్యా నడిచేది హిందీ. దాన్ని పెద్దులు తన ఊరి యాసలో పలుకుతాడు, ముసలాయనకు అదే అలవాటైపోయింది. ఒకప్పుడు బాబావి పూరీల్లాంటి బుగ్గలు. షుగరు వాటిని తినేసింది. నిరుడు పై రింగుల మీద ఉన్న ఆయన స్కోప్ చలికాలానికి నడిమి వాటి మీదికి దిగింది, రంజాన్ ముందు కింది వాటి మీదికి దిగింది. వచ్చిన ప్రతిసారీ ఒకటే మాట.

"జరా నీచే, పెద్దులూ. కొంచెం కిందికి."

బుగ్గ పీక్కుపోయింది, కన్ను కిందికి దిగింది, అంతేకదా అనుకుని పెద్దులు దించుతూ వచ్చాడు. ఇక దించడానికి రింగులు లేవు.

ఈద్ ఇంకా నాలుగు రోజులుంది. ఆ రోజు సొంతూళ్లో చుట్టాలందరి ముందూ బాబా గురి కొట్టాలి. పోయిన పండక్కి ఒక్కటీ తగల్లేదు. ఈసారి కూడా తప్పితే తుపాకీ పక్కన పెట్టు, దుకాణం తీసేసి ఫోన్ల షాపు పెడతాం అని కొడుకు తండ్రి మొహం మీదే అన్నాడు. అప్పుడు పెద్దులు ఈ బల్ల దగ్గరే ఉన్నాడు. తన బతాకా, అదే ఇక్కడ ఉండనిచ్చే కార్డు, వీసా అన్నీ బాబా పేరు మీదే. అయినా భయం వాటి గురించి కాదు. బుగ్గ చూసి అద్దం ఎత్తు చెప్పేవాడితో మెట్‌పల్లిలో ఎవరికేం పని?

అందుకని పొద్దున్నే తన కొత్త తువ్వాలు చింపి, నాలుగు మడతలు పెట్టి, తుపాకీ కట్టెకు బుగ్గ ఆనేచోట బిగించి కట్టాడు. స్కోప్ దిగకపోతే బుగ్గనే లేపాలి మరి.

పదింటికి బాబా గోడ పట్టుకుని వచ్చాడు. స్టూలు మీద కూర్చున్నాడు. పెద్దులు తుపాకీ బోల్టు ఊడదీసి పక్కన పెట్టి, వెనక తలుపు తీశాడు. ఎదురుగా బోడి కొండ, దాని మీద పాత బురుజు. ఏ స్కోప్‌నైనా ఆ బురుజు మీదే సరిచూస్తారు.

"కండ్లు మూస్కో బాబా. బుగ్గ ఆనియ్యి. మెడ బిగబట్టకు. ఆఁ, ఇగ తెరువు."

ఎత్తు సరిపోతే, తెరిచిన కన్ను వెతుక్కోకుండా అద్దం మధ్యలో పడాలి. బాబా కుడికన్ను తెరిచాడు. చాలాసేపు చూశాడు.

"కనవడుతుందా?"

"బరాబర్. బురుజు కిటికీ కూడా. ఎడమ పక్క గోడ పగిలింది చూడు, అది కూడా."

పెద్దులు గుండెల మీంచి బరువు దిగింది. ఏడుపొచ్చినంత పనైంది. అద్దం ఓసారి తుడుద్దామని పక్కకు వచ్చాడు. స్కోప్ ముందు నల్ల మూత అలాగే ఉంది. పొద్దున స్క్రూలు బిగించేటప్పుడు నూనె చుక్క పడకుండా తనే పెట్టాడు, తియ్యడం మరిచాడు. ఇన్నేళ్లలో అలా మరవడం ఇదే మొదలు.

బాబా ఇంకా చూస్తూనే ఉన్నాడు.

"ఇప్పుడు బాగుంది, పెద్దులూ. ఇంక కిందికి అక్కర్లేదు."

పెద్దులు చెయ్యి మూత దాకా వెళ్లి ఆగింది. ఏడాదిగా తను బుగ్గనే చూశాడు, కన్ను చూడలేదు. మూత తీస్తే చప్పుడవుతుంది, సంగతి బయటపడిందని ముసలాయనకు తెలిసిపోతుంది. తియ్యకపోతే నాలుగు రోజుల తర్వాత అందరికీ తెలుస్తుంది. మూడు రకాల రింగులున్న పెట్టె బల్ల మీద తెరిచే ఉంది. అందులో దీనికి పనికొచ్చేది ఏదీ లేదు.

"మంచిగ కుదిరింది బాబా," అన్నాడు.

"నువ్వు బిగిస్తే కుదరకపోవడం ఉంటుందా?" అంటూ బాబా చెయ్యి చాపాడు. ఆ చెయ్యి పెద్దులు భుజానికి ఇవతలే గాలిలో ఆగింది. పెద్దులు తనే జరిగి భుజం దాని కిందికి తెచ్చాడు. గుమ్మం దాకా అలాగే నడిచారు. మూడు మెట్లూ బాబా కాలితో తడుముకుంటూ దిగాడు.

సాయంత్రం మగ్రిబ్ నమాజు అయ్యాక కొడుకు వచ్చాడు. లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు. మధ్యాహ్నం నడుం వాల్చిన తండ్రి మళ్లీ లేవలేదని చెప్పాడు.

"ఒక్కసారి మొకం చూసొస్త సాబ్."

"మట్టి ఇచ్చేశాం, పెద్దులూ. ఇప్పుడే ఖబరస్తాన్ నుంచే వస్తున్నా."

పెద్దులు తలూపాడు. రేపు దుకాణం తెరవొద్దని, నెలాఖరుకు ఊరికి టిక్కెట్టు తీస్తానని, తాళంచెవి ఇవ్వమని కొడుకు ఒక్కొక్కటే చెప్పాడు. పెద్దులు తాళంచెవి అతని చేతికిచ్చాడు. రింగులు ఎత్తుల వారీగా పెట్టెలో సర్ది, బల్ల తుడిచి, చెప్పులేసుకున్నాడు.

"ఆ తుపాకీ?" అన్నాడు కొడుకు. "నాన్నకు కనిపించిందా దాంట్లో?"

"కనవడ్డది సాబ్. బురుజు కిటికీ సుత కనవడ్డది."

కొడుకు మొహం అటు తిప్పుకున్నాడు. తుపాకీని అలాగే ఉంచమని, పొద్దున లైసెన్సు కాగితాలతో వచ్చి తీసుకెళతానని చెప్పి లైటు ఆర్పాడు. మూసిన వెనక తలుపు వైపు మొహం పెట్టి, స్కోప్ మీద మూతతోనే స్టాండు మీద ఉండిపోయింది బాబా తుపాకీ.