చేపల తొట్టి మీద చిన్న ఫ్యాను

నేను ఒక చిన్న ఫ్యానును. అరచేతికంటే కాస్త పెద్దదాన్ని, నల్ల చట్రం, ఏడు రెక్కలు. మనుషులకు గాలి కొట్టడానికి నన్ను చేయలేదు. ఏదో ఫ్యాక్టరీలో ఒకే రోజు వేలమందిమి పుట్టి, కంప్యూటర్ల పొట్టల్లోకి చేరాం. నాకు దక్కింది మాచర్లలో ఒక నెట్ సెంటర్. ఆరేళ్లు తిరిగాను. అక్కడ రిజల్టు చూసుకునేవాళ్లలో ఎవరు పాసైనా, ఎవరు తప్పినా నాకు వచ్చింది దుమ్మే. ఆ కంప్యూటరు పాడయ్యాక, రిపేర్లు చేసే నాగేంద్రం నన్ను విప్పి, రెంటచింతలలో ఉన్న వదిన శేషారత్నం ఇంటికి తెచ్చాడు.

ఆమె కూతురు లిఖిత గుంటూరు హాస్టల్లో ఉండి ఎంట్రన్సుకు చదువుతోంది. వెళ్లేముందు తన గోల్డ్‌ఫిష్‌ను తల్లికి అప్పగించి, "ఇది చచ్చిపోయిందంటే నేను పరీక్ష రాయను" అని నవ్విందట. ఆ నవ్వును శేషారత్నం ఆ పూటే మరిచిపోయింది. మాట మాత్రం ఉండిపోయింది.

ఎండలు ముదిరాయి. తొట్టి అద్దానికి అంటించిన, నీళ్ల వేడి చూపే పట్టీ ముప్పై నాలుగు డిగ్రీలు చూపించింది. ఐసుగడ్డ వేద్దామంటే, ఒక్కసారిగా చల్లబడితే చేప తట్టుకోలేదని నాగేంద్రం వద్దన్నాడు. నన్ను తొట్టి అంచుకు తీగతో బిగించి, గాలి నీళ్ల మీదుగా పోయేలా కొంచెం వాల్చాడు. ఆమె నా ముందు చేయి పెట్టి చూసింది.

"దీని గాలీ వేడిగానే ఉందిగా నాగేంద్రా."

"ఉంటది వదినా. మట్టికుండకి చెమటపట్టి నీళ్లు చల్లబడతయ్ చూడు, ఇదీ అంతే. పైపైన నీళ్లు ఆవిరైపోతా వేడిని ఎత్తుకపోతయ్."

"ఇది జారి నీళ్లల్లో పడితే? కరెంటు కదా."

"పన్నెండు వోల్టులు. చాలా చిన్న కరెంటు."

"చేప ప్రాణమూ చిన్నదేగా."

అతను తీగను ఇంకో రెండు చుట్లు చుట్టాడు.

మర్నాటికి పట్టీ ఇరవై తొమ్మిదికి దిగింది. ఆమె సంతోషించలేదు. నీళ్లు రెండు వేళ్లు తగ్గాయి కాబట్టి తొట్టి పగిలిందని అనుకుంది. అడుగున పేపరు పరిచి చూసింది. పొడిగానే ఉంది. తగ్గినన్ని నీళ్లు పోసింది. అప్పుడు తలెత్తితే, గోడమీద ట్యూబ్‌లైటు పక్కన బల్లి కనబడింది.

ఆ ఇంట్లో మూత లేని నీళ్లు ఉండవు. బిందె మీద పళ్లెం, గ్లాసు మీద చిన్న మూత. ఇన్నాళ్లూ తొట్టికున్న ప్లాస్టిక్ మూతను నాకోసమే తీసేశారు. బల్లి పడితే నీళ్లు విషమవుతాయని, చేప అవి తాగుతుందని ఆమె భయపడింది. ఆదివారం పొద్దున షోకేసు అరలోని గాజుపలకను తెచ్చి తొట్టిమీద నిండుగా మూసింది. నన్ను ఆ పలకమీద నిలబెట్టింది. నేను ఎప్పటిలాగే తిరిగాను. ఎందుకు తిరుగుతున్నానని అడిగే అలవాటు నాకు లేదు.

గాజు లోపలివైపు నీటి చుక్కలు కట్టాయి. పట్టీ ముప్పై ఒకటి అయింది, మధ్యాహ్నానికి ముప్పై నాలుగు. చేప పైకొచ్చి నోరు తెరుస్తూ మూస్తూ ఉంది. సరిగ్గా అప్పుడే హాస్టల్ నుంచి ఫోను.

"అమ్మా, ఎల్లుండే పరీక్ష. చేప ఎట్టా ఉంది?"

"దానికేం తల్లీ, పైకొచ్చి ఆడుకుంటా ఉంది. నువ్వు చదువుకో."

ఫోను పెట్టేసింది. అదే చేత్తో మరిదికి ఫోను చేసింది. పావుగంటలో వచ్చాడు.

"ఈ మూతేంది వదినా?"

"బల్లి పడిద్దిగా."

"బల్లి సంగతి దేవుడెరుగు, ఆవిరి బయటికి పోకపోతే వేడెట్టా పోయిద్ది? కుండకి ప్లాస్టిక్ కవరు చుట్టినట్టుంది నీ పని."

పలక తీసి, నన్ను మళ్లీ తొట్టి అంచుకు బిగించాడు. ఆమె పాత దోమతెర ముక్క కత్తిరించి తొట్టిమీద బిగించి కట్టింది. ఇప్పుడు నా గాలి దూరుతుంది, బల్లి దూరదు. చీకటి పడేవరకు ఆమె ముక్కాలిపీట మీద కూర్చుని పట్టీ చూస్తూ ఉంది. ముప్పై మూడు. ముప్పై రెండు. ముప్పై ఒకటి దగ్గర చేప కిందికి దిగి రాళ్లలో వెతుక్కోవడం మొదలుపెట్టింది. అప్పుడు లేచి మధ్యాహ్నపు అన్నం తింది.

పరీక్ష రాసి లిఖిత వచ్చింది. సంచి దించకుండానే తొట్టి దగ్గరికి నడిచి చేపను చూసింది. తల్లి పిల్లను చూసింది. నుదుటిమీద చేయి వేసి, "ఇరవై తొమ్మిది దానికి. నీకెంతుందో, కాలిపోతున్నావ్" అంది.

"ఎండలో వచ్చాను గదమ్మా" అని నవ్వింది పిల్ల. ఈసారి నవ్వును శేషారత్నం గమనించింది.

తొలకరి పడ్డాక నాతో పని లేకపోయింది. నాగేంద్రం నన్ను అడిగితే ఆమె ఇవ్వలేదు.

"ఉండనీ. వచ్చే ఎండలకి పిల్ల కాలేజీలో ఉంటది. చేప ఇక్కడే ఉంటదిగా."

దోమతెరలో చుట్టి అటకమీద పెట్టింది. తిరగడం ఆగి చాన్నాళ్లయింది. కింద రోజూ ఎవరో తొట్టి దగ్గర ఆగి, పట్టీ మీది అంకెను పైకి చదవడం మాత్రం వినిపిస్తూనే ఉంది.