జామాయిల్ తోట

శ్రీహరి చనిపోయింది తన సొంత జామాయిల్ తోటలోనే. లక్సెట్టిపేట దగ్గర అతనికున్న చెలకలో నీళ్లు చాలక, పత్తి మానేసి ఆ చెట్లు పెట్టాడు. కాగజ్‌నగర్ కాగితం మిల్లుకు కర్ర పంపుదామని కూలీలతో కొట్టిస్తుంటే, ఒక చెట్టు అనుకున్న వైపు ఒరగక అతని మీద పడింది.

భార్య మమతారాణి ఏడవలేదు. ఇంటి ముందు పందిరికి ఆ తోట గుంజలే పాతారు. కాష్ఠానికి పచ్చికర్ర మండదని, నిరుడు ఎండబెట్టిన జామాయిల్ కట్టెలు తీసుకుపోయారు. ఎవరింట్లోనో జరుగుతున్నట్టు ఆమె చూస్తూ నిలబడింది.

"ఏడువు బిడ్డా, జర ఏడువు. గుండె బరువు దిగుతది," అంది అత్త రామవ్వ.

"వస్తలేదత్తమ్మా."

దినాలయ్యేసరికి ఆమెకు జలుబు పట్టింది. రామవ్వ తోట అంచున లేతాకు దూసుకొచ్చి, మరిగే నీళ్లలో వేసి, కోడలి తల మీదుగా దుప్పటి కప్పింది. ఆ ఘాటుకు మమత కళ్ల నుంచి నీళ్లు కారాయి. దుప్పటి తీయగానే చూసి, "ఇప్పటికైనా ఏడ్చింది పాపం," అన్నారు వచ్చిన చుట్టాలు. ఆమె కాదనలేదు.

మిగిలిన చెట్లు కొట్టి మిల్లుకు పంపాక మరిది రాకేశ్ వచ్చాడు.

"వదినె, అన్న పానం తీసిన చెట్లు మనకొద్దు. జేసీబీ తెచ్చి మొద్దులు సుత పీకిపిస్త."

"చెట్టుకేం ఎరుక రాకేశ్? మీ అన్న పెట్టినయి. ఉండనియ్."

ఆమె గొంతులో కోపం లేదు, దుఃఖమూ లేదు. రాకేశ్ మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

వానలు పడ్డాక ప్రతి మొద్దు చుట్టూ గుబురుగా చిగుళ్లు లేచాయి. బలమైనవి రెండు ఉంచి మిగతావి కోసేయాలి, లేకుంటే ఏదీ మాను కాదు. శ్రీహరి చేసే పని అది. ఇప్పుడు అత్తాకోడళ్లు కొడవళ్లు పట్టుకుని పోయారు.

నడిమి సాలులో ఒక మొద్దు దగ్గర మమత ఆగింది.

"గిదేనా బిడ్డా?" అడిగింది రామవ్వ.

"గిదే."

రామవ్వ ఆ మొద్దు పక్కన కూలబడి, కొడుకు పేరు పెట్టి గట్టిగా ఏడ్చింది. మమత ఆమె వీపు మీద చెయ్యి వేసి కూర్చుంది. ఏడుపు తగ్గాక లేచి ఆ మొద్దుకు కూడా రెండు చిగుళ్లు ఉంచి మిగిలినవి కోసింది. సాలు చివరిదాకా అలాగే పోయింది.

ఎండెక్కాక వెనక్కి వచ్చి, "అత్తమ్మా, ఆకలైతుంది," అంది.

అతను పోయాక ఆమె తనంతట తాను అన్నం అడగడం అదే మొదలు. రామవ్వ కొంగుతో మొహం తుడుచుకుని సద్దిమూట విప్పింది.