ఒలిచిన కమలాపండు

అధ్యక్షుడికి ఎవరినైనా పదవిలోంచి తీసేయాలంటే కేకలు వేసే అలవాటు లేదు. పొద్దున్నే ఫలహారాల బల్ల దగ్గర పక్కన కూర్చోబెట్టుకుని, తన చేత్తో కమలాపండు ఒలిచి పెట్టేవాడు. తిన్నవాడు బయటికొచ్చేసరికి అతని కారు ఉండేది కాదు, పోలీసుల కారు ఉండేది. ఆ సంగతి తెలియని మంత్రి లేడు. తెలిసీ పండు వద్దనే దమ్మున్నవాడూ లేడు.

పెద్దకొడుకు ఆ బల్ల దగ్గరే ఎదిగాడు. ఎవరి ముందు తొక్కలు పడితే వాళ్ల శాఖ అతనికి వచ్చేది. ముందు రోడ్లు, తర్వాత పోలీసు, ఆ తర్వాత సైన్యం. తల నెరవకముందే జనం చినబాబు అనడం మానేసి అయ్యగారు అనసాగారు. ఇక మిగిలింది నాన్న కుర్చీ ఒక్కటే. దాని మీద తప్ప అతనికి వేరే ధ్యాస లేదు.

ఇంతలో నాన్నకు చేతులు వణకడం మొదలైంది. పండు పట్టుకుంటే జారి కింద పడేది. ఒలవలేనివాడు ఇంకెవరిని తీయగలడని కొడుకు లోలోపల సంబరపడ్డాడు. ఆ ధీమాతోనే ఒకరోజు, నాన్న చూస్తుండగా, తనే పండు ఒలిచి మేనమామ చేతిలో పెట్టాడు. చిన్నప్పుడు భుజాన వేసుకుని తిప్పిన మామ. తనకు అడ్డొస్తాడేమోనని అనుమానం, అంతే. నెల తిరక్కుండా జైలు నుంచి మామ శవం వచ్చింది. అమ్మ తన తమ్ముడి మొహం చూసి ఏడవలేదు. గండం గడిచిందనుకున్నాడు వెర్రివాడు.

ఆ తర్వాత అమ్మ కూడా రోజూ బల్ల దగ్గరికి రాసాగింది. ఇన్నేళ్లలో ఎన్నడూ రానిది. ముసలాయనకు తోడు కాబోలనుకుని కుర్చీ కూడా తనే జరిపాడు.

ఒక పొద్దున నాన్న కొడుకుని పక్కన కూర్చోమన్నాడు. పండు కోసం చాచిన చెయ్యి వణికింది. కొడుక్కి నవ్వొచ్చింది. అప్పుడు అమ్మ ఆ పండు అందుకుంది. నింపాదిగా ఒలిచి, పీచు తీసి, గింజలు తీసి, చిన్నప్పుడు జ్వరమొస్తే పెట్టినట్టే తొనలు పళ్లెంలో పేర్చింది. మంత్రులందరూ తలలు దించుకున్నారు. వాళ్లకు ముందే తెలుసు.

"నాకొద్దమ్మా," అన్నాడు.

"మీ మామ వద్దన్నాడా?" అంది అమ్మ. "తిను నాన్నా. గింజలు తీసేశాను."

మొదటి తొన అమ్మే నోట్లో పెట్టింది. అది తీయగా ఉంది.